నీళ్లకిచ్చిన పేరు

చిలకలగూడ, సికింద్రాబాద్
1948 జూలై 6

భద్రన్నకు, తమ్ముడు ఇస్మాయిల్ సలాములు.

ఇక్కడ మేమిద్దరం వేళకు తింటున్నాం, పైకప్పు కారడం లేదు. అక్కడ మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. మంచిచెడ్డలు అయిపోయాయి, ఇక అసలు సంగతికి వస్తాను. చెరువులోకి నీళ్లు వచ్చాయా? తూము రాయి మునిగిందా?

ఊరు వదిలి ఆరు నెలలైంది. రజాకార్లలో చేరమని మా మేనమామ వెంటపడి వేధిస్తే, ఆయనకు మాట కూడా చెప్పకుండా నీ మరదలు నజ్మున్నీసాను తీసుకుని అక్కన్నపేటలో రైలెక్కాను. నేను లేకపోయినా ఆ మహానుభావుడు నా పేరు వాళ్ల కాగితంలో రాయించనే రాయించాడట. రాయించుకోనీ. కాగితంలో ఇస్మాయిల్ తుపాకీ పట్టుకుంటాడు. అసలు ఇస్మాయిల్ ఇక్కడ దారపు ఉండ పట్టుకుని కూర్చున్నాడు.

ఆర్థర్ దొరకు ఆటవస్తువుల దుకాణం ఉంది. వల అల్లడం వచ్చంటే పనిలో పెట్టుకున్నాడు. టెన్నిస్ అని ఒక ఆట ఉంది, నడుమ వల కట్టి అటూ ఇటూ బంతి కొట్టుకుంటారు. వల అన్నాడు కదా అని నేను అలవాటుగా వల కన్ను రెండు వేళ్లకు బిగించి, కింది అంచున చేప నిలవడానికి సంచి వదిలి అల్లాను. క్లబ్బులో కట్టారు. తగిలిన బంతులన్నీ ఆ సంచిలో చేరి కూర్చున్నాయట. దొర పడీపడీ నవ్వాడు. ఆయన భార్య మేబెల్ దొరసాని మాత్రం "బాల్ హై, మఛ్లీ నహీ!" అని నా మీద అరిచింది.

ఈ ఎండాకాలం అందరూ చేపలకు చెరువు దిగే రోజు నేను లేను. బెస్తల పెద్దగా గంగారాం తాత కట్ట మీద నిలబడి నలభై ఒక్క పేర్లు పిలిచాడు, ఒక్కొక్కరు "ఉన్న" అని తేలడానికి తమ ఎండు సొరబుర్ర చంకన పెట్టుకుని నీళ్లలో దిగారు. చివరి పేరుకు నువ్వు "ఊరికి పోయిండు" అని చెప్పి నా బుర్రను తడిపావు. నా చోటు నిలిచింది. కానీ అలా చెల్లేది ఒక్క ఏడే. వచ్చే వైశాఖంలో నేనే వచ్చి "ఉన్న" అనకపోతే మా తాత మౌలా అలీ సంపాదించిన చోటు పోతుంది. కట్ట తెగిన ఏడు ఆయన తూములో దూకి గంగారాం తాత తండ్రిని బయటికి లాగాడు కాబట్టే కదా, నలభై మంది బెస్తల పేర్ల కింద ఒక సాయిబు పేరు చేరింది. దాన్ని పోగొట్టినవాణ్ణి నేను కాకూడదు.

నా బుర్ర మీ దూలానికే ఉందిగా? ఎలుకలు కొట్టకుండా చూడు. అమ్మను ఇక్కడికి రమ్మని చెప్పు. నేను చెబితే వినదు.

నీ తమ్ముడు
ఇస్మాయిల్

రాళ్లకట్ట
1948 జూలై 29

తమ్ముడు ఇస్మాయిల్‌కు, భద్రయ్య దీవెనలు.

నీ ఉత్తరం టపావాడు చావడిలో ఇచ్చాడు. సదాశివ పంతులు కవరు మీది పేరు గట్టిగా చదివి, లోపలిది కూడా చదివి, ఆ తర్వాతే నా చేతికిచ్చాడు. మనిద్దరికీ ఇసుకలో అక్షరాలు దిద్దబెట్టినవాడు కనుక తప్పులు కూడా ఎంచాడు. 'తూము'కు దీర్ఘం సరిగా తిప్పలేదట.

తూము రాయి మునిగింది. కొర్రమట్ట చేపలు నీటికి ఎదురెక్కుతున్నాయి. బంతులు పట్టే వల సంగతి విని ఊరంతా నవ్వింది. గంగారాం తాత మాత్రం నవ్వలేదు. "వాని చెయ్యి ఖరాబైతది. కన్ను పెద్దగ చేసుడు అలవాటైతే చేప నిలువది" అన్నాడు.

ఊరు బాగాలేదు తమ్ముడూ. రజాకార్ల లారీ వచ్చిన రోజు మగవాళ్లం తుమ్మల్లోకి పోతున్నాం, లారీ పోయాక వస్తున్నాం. నీ కోసం కూడా రెండుసార్లు అడిగారు. మీ మేనమామ వాళ్లతోనే తిరుగుతున్నాడు. నువ్వు వెళ్లిపోవడమే మంచిదైంది.

నీ దగ్గరికి వస్తావా అని జైతున్ చిన్నమ్మను అడిగాను. "నేనొస్తే బర్రెను ఎవలు చూస్తరు? ఆడ చెరువున్నదా?" అంది. చెరువు ఉందని, హుస్సేన్‌సాగర్ అంటారని చెప్పాను. "అది నవాబు చెరువు. మనది కాదు" అంది. మీ వదిన బుచ్చమ్మ ఆమెకు తోడుగా పడుకుంటోంది. నీ బుర్ర దూలానికి ఉంది. మరదలికి నా మాటగా చెప్పు, నిన్ను కాస్త కుదురుగా కూర్చోబెట్టమని.

భద్రయ్య

చిలకలగూడ
1948 సెప్టెంబర్ 9

భద్రన్నకు,

కుదురుగా ఎలా కూర్చోను? ఇక్కడ ఎవరూ కూర్చోవడం లేదు. ఒకడు ఫౌజు వస్తుందంటాడు, ఒకడు రాదంటాడు, ఒకడు విమానం చూశానంటాడు. దుకాణం ముందు కందకం తవ్వారు. అందులో పడి మేబెల్ దొరసాని కాలు మెలితిరిగింది. ఆమె రోజూ పెట్టెలు సర్దుతుంది, సాయంత్రానికి విప్పుతుంది. క్లబ్బులో ఆడేవాళ్లు లేరు. నేను అల్లిన వలలు మూల పడి ఉన్నాయి.

సీతాఫల్‌మండి సంతకు పోయి చేపల వాసన పీల్చి వస్తున్నాను. నజ్మున్నీసా నవ్వుతుంది, "కొనకుండ వాసన చూసుడేంది?" అని. కొంటే ఏ చెరువుదో అడగాలి. మన చెరువుది కాదంటే తినబుద్ధి కాదు.

వచ్చే శుక్రవారం రైలెక్కుతున్నాను. అమ్మ రానంటే బర్రెతో సహా తోలుకొస్తాను.

ఇస్మాయిల్

చిలకలగూడ
1948 సెప్టెంబర్ 26

అన్నా,

రైళ్లు ఆగిపోయాయి. రాలేకపోయాను. రైళ్లు ఆగాక ఇది నేను రాస్తున్న మూడో ఉత్తరం. ఒక్కదానికీ జవాబు లేదు.

పద్దెనిమిదిన ఫౌజు వచ్చింది. జనం రోడ్డు మీద దండలు వేశారు. నేనూ నిలబడ్డాను. సంతోషించాలో భయపడాలో తెలియక, పక్కవాడు చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. నేను ఎవరికి భయపడి ఊరు వదిలానో వాళ్లు పోయారు. అయితే ఇప్పుడు బండ్ల మీద వచ్చినవాళ్లు జిల్లాల్లో వేరే కబుర్లు చెబుతున్నారు. ఏ ఊరిదో పేరు చెప్పరు, చేతులతో చూపించి ఊరుకుంటారు. మా గల్లీలో ఒకాయన అన్నదమ్ముల కోసం వెళ్లి తిరిగి రాలేదు.

అమ్మ ఎలా ఉంది? ఒక్క మాట రాయి. కార్డు ముక్క మీద 'ఉంది' అని రాసినా చాలు. నాకు అన్నం సయించడం లేదు.

ఇస్మాయిల్

రాళ్లకట్ట
1948 అక్టోబర్ 14

తమ్ముడూ,

చిన్నమ్మ ఉంది. మా ఇంట్లోనే ఉంది. ఒంటి మీద ఈగ వాలలేదు.

ఇకమీద నా ఉత్తరాలు బుచ్చమ్మ తమ్ముడు చేతిలో పెట్టుకుని వచ్చి సికింద్రాబాద్ టపా డబ్బాలో వేస్తాడు. నీ జవాబు మాత్రం చావడికే వస్తుంది. అక్కడ ఇప్పుడు బయటివాళ్లు కూర్చుంటున్నారు. సదాశివ పంతులు లోపలిది చదవడు గానీ కవరు మీది పేరు గట్టిగా చదవక తప్పదు. అందుకని కవరు మీద నీ పేరు రాయకు. బ్రహ్మచారి, సికింద్రాబాద్ అని రాయి. కంసాలి బ్రహ్మచారి అని నాకు తెలిసినవాడు ఒకడున్నాడని చెప్పి పెట్టాను.

ఇప్పుడు రావద్దు. ఎందుకని అడగొద్దు.

భద్రయ్య

చిలకలగూడ
1948 నవంబర్ 2

మహారాజశ్రీ భద్రయ్య గారికి, కంసాలి బ్రహ్మచారి నమస్కారాలు.

పెళ్లై నాలుగేళ్లైంది నాకు. నన్ను బ్రహ్మచారిని చేసి కూర్చోబెట్టావు. నజ్మున్నీసాకు చెబితే "అయితే నేనెవరిని?" అంది. నవ్వీ నవ్వీ ఇద్దరం ఏడ్చాం.

అన్నా, నవ్వులాట పక్కన పెడదాం. మా తాత పేరు కట్ట మీద పిలిచిన ఊళ్లో, నా పేరు కవరు మీద ఉంటే తప్పా? అమ్మ చల్లగా ఉంటే నేను రావడానికి ఏం అడ్డం? ఆర్థర్ దొరకు ఇప్పుడు ఫౌజు పని దొరికింది. లారీల మీద కప్పడానికి వలలు, వాటికి ఆకుపచ్చ గుడ్డపేలికలు కట్టాలి. లారీని దాచే వల అల్లుతూ, నువ్వు నా నుంచి ఏం దాస్తున్నావా అని ఆలోచిస్తున్నాను.

అమ్మ చేత ఏదైనా చెప్పించి రాయి. ఆమె మాట వింటే తప్ప నమ్మను.

బ్రహ్మచారి (ఇప్పటికి)

రాళ్లకట్ట
1948 డిసెంబర్ 5

తమ్ముడూ,

చిన్నమ్మను అడిగాను. "మంచిగున్న అని రాయి. వాణ్ణి కడుపు నిండ తినుమను. గిప్పుడే రావద్దను" అంది. అదే రాశాను.

ఆమె మా దడి మీద సొరపాదు పెట్టింది. కుండలతో చెరువు నీళ్లు మోసి పోస్తుంది. మొదటి పిందె పడితే కూరకు కోస్తానని బుచ్చమ్మ కత్తి తీసుకుపోయింది. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని, "ఇది కూరకు గాదు బిడ్డా" అంది. అత్తాకోడళ్లలా ఒక పూట మాటల్లేవు. ముసలితనంలో పంతాలు ఎక్కువ.

చెరువు నిండా ఉంది. మత్తడి మీంచి నీళ్లు పొర్లడం ఇప్పుడే ఆగింది. బొచ్చె చేపలు బాగా పెరిగాయి.

భద్రయ్య

చిలకలగూడ
1949 జనవరి 20

భద్రయ్యకు,

అన్నా అని రాయబోయి ఆగాను.

నిన్న సీతాఫల్‌మండిలో మన వైపు నుంచి వచ్చిన చేపలావిడ కనిపించింది. పుష్పమ్మ అట. బొచ్చెను చూడగానే గుర్తుపట్టాను, మన చెరువుదే. నేనెవరో చెప్పకుండా, "రాళ్లకట్టల జైతున్ బీ కొడుకు ఇస్మాయిల్ ఎట్లున్నడు?" అని అడిగాను. ఆవిడ పొలుసు గీకుతూ తల కూడా ఎత్తకుండా అంది: "గా పిల్లగాడా? తూముల మునిగి పాయె గద. బుర్ర సుత విడిసిండ్రు. పాపం, తల్లి ఒక్కతే అయిపాయె."

చేప తీసుకోకుండా వచ్చాను. ఆవిడ వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

చచ్చినవాడి బుర్రనే కదా నీళ్లలో విడుస్తారు? నేను బతికి ఉన్నానని నీకు తెలుసు. నా ఉత్తరాలు నీ పెట్టెలో ఉన్నాయి. అయినా నా బుర్రను విడిచావు. బుర్ర విడిచిన పేరు మళ్లీ పిలవరు. నా వంతు చేప మీ అందరికీ పంచుకోవడానికి వస్తుంది, మా తాత చోటు ఊడుతుంది. ఇందుకేనా నన్ను బ్రహ్మచారిని చేశావు? రావద్దు, ఎందుకని అడగొద్దు అన్నావు. ఇప్పుడు అర్థమైంది.

దీనికి నిజమైన జవాబు రాకపోతే వచ్చే ఉత్తరం కవరు మీద ఇస్మాయిల్, తండ్రి దస్తగిరి, రాళ్లకట్ట బెస్తల నలభై ఒకటో పేరు అని రాసి పంపుతాను. సదాశివ పంతులు గొంతు పోయేదాకా చదువుకోనీ.

ఇస్మాయిల్

రాళ్లకట్ట
1949 ఫిబ్రవరి 3

తమ్ముడూ,

కవరు మీద నీ పేరు రాయకు. ముందు అది విను, తర్వాత ఎంతైనా తిట్టు.

ఫౌజు వచ్చిన తొమ్మిదో నాడు పొద్దున పది మంది మన ఊరికి వచ్చారు. మన వైపు వాళ్లు కాదు. బరిసెలున్నాయి, ఒక తుపాకీ ఉంది, ఒకడి చేతిలో కాగితం ఉంది. రజాకార్లు వదిలేసి పోయిన కాగితమది. అందులో మీ మేనమామ రాయించిన నీ పేరుంది. పక్క ఊళ్లో అలా పేర్లున్న మూడిళ్లు అప్పటికే కాలిపోయాయి. మీ మేనమామ ఏమయ్యాడో ఇవాళ్టికీ తెలియదు.

చిన్నమ్మను వాకిట్లో నిలబెట్టారు. "కొడుకేడి? చెప్పకుంటే ఇంటికి అగ్గి పెడ్తం" అన్నారు. సికింద్రాబాద్‌లో ఉన్నాడంటే నీ దగ్గరికి వస్తారు. తెలియదంటే ఆమెను వదలరు. నా నోటికి ఏదొస్తే అదే అన్నాను. "వాడేడున్నడు అయ్యా, తూముల మునిగి సచ్చిండు. ఇయ్యాల బుర్ర విడిసేదున్నది."

"ఏదీ, విడువుండ్రి. మేం చూస్తం" అన్నాడు కాగితం పట్టుకున్నవాడు.

నీకు తెలుసుగా, బుర్రను విడవాల్సింది తల్లి, లేదా పెళ్లాం. మత్తడి దాటేదాకా కంట నీరు రాకూడదు, వస్తే పోయినవాడు పోలేడు. నేను విడవలేదు తమ్ముడూ. నేను విడిస్తే చెల్లదు. మీ అమ్మ విడిచింది.

ఆమె నా ముఖం వంక ఒక్కసారి చూసింది. మా ఇంట్లోకి వచ్చి దూలానికున్న నీ బుర్రను తానే దించుకుంది. గడప లోపల కాసేపు అటు తిరిగి నిలబడింది. తర్వాత కట్ట మీదికి నడిచింది. నలభై ఇళ్ల వాళ్లూ ఎవరూ పిలవకుండానే వచ్చారు. ఆడవాళ్లు నీ పేరు పెట్టి ఏడ్చారు. పోయిన ఏడు నీతో వల దగ్గర కొట్లాడినవాడు అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ఒక్కరు తడబడినా అయిపోయేది. ఒక్కరూ తడబడలేదు.

గంగారాం తాత జన్మలో కట్ట మీద అబద్ధమాడలేదు. ఏం చేస్తాడోనని ఆయన వంకే చూస్తూ నిలబడ్డాను. ఆయన నీళ్లకు దండం పెట్టి, "ఇస్మాయిల్‌ను గంగమ్మకిచ్చిన" అని మూడుసార్లు అన్నాడు.

చిన్నమ్మ బుర్రను నీళ్లలో పెట్టింది. గాలి ఎదురు కొడుతోంది. అది కొంత దూరం పోయి మళ్లీ ఆమె దగ్గరికే వచ్చింది. మళ్లీ వదిలింది, మళ్లీ వచ్చింది. వాళ్లు చూస్తూనే ఉన్నారు. మూడోసారి ఆమె నడుము లోతు నీళ్లలోకి పోయి రెండు చేతులతో తోసింది. తోస్తూ మత్తడి దాకా పోయింది. బుర్ర దాటింది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. వాళ్లు కాగితం మీద నీ పేరు కొట్టేసి వెళ్లిపోయారు. చిన్నమ్మ ఇంటికొచ్చి, తడిచీరతోనే పొయ్యి అంటించి, అప్పుడు ఏడ్చింది.

నీకు చెప్పొద్దని ఆన పెట్టింది. "తెలిస్తే ఉర్కొస్తడు. బతికున్నోణ్ణి నా చేతుల్తోని తోసిన్నని వానికి ఎట్ల చెప్పాలె భద్రయ్యా?" అంది. ఇప్పుడు ఆన తప్పాను. నీ వంతు చేప నేను తిన్నానని నువ్వు అనుకోవడం భరించలేక తప్పాను.

భద్రయ్య

చిలకలగూడ
1949 మార్చి 1

అన్నా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, కాగితం మడిచి లేవడం. నజ్మున్నీసాకు చదివి వినిపించాను. అమ్మ నీళ్లలోకి దిగిన చోటుకు రాగానే చాలించమంది. కాసేపాగి మళ్లీ అక్కడి నుంచే చదవమంది.

నేను అన్న మాటలు వెనక్కి రావు. నువ్వు ఎదురుగా ఉంటే నీ కాళ్లు పట్టుకునేవాణ్ణి. నీకు బుద్ధి ఉంటే లాక్కునేవాడివి. సిగ్గుగా ఉంది, అంతే రాయగలను.

నాకు నిలకడ లేదు అన్నా. లారీల వలలు అల్లుతూ కన్ను తప్పుతున్నాను. ఆర్థర్ దొర విప్పి మళ్లీ ఇస్తున్నాడు. వైశాఖం ఇంక రెండు నెలలే. నేను రావచ్చా? వస్తే గంగారాం తాత నా పేరు పిలుస్తాడా? అడిగి రాయి. బుర్ర పోతే పోయింది, కట్టెముక్క పట్టుకునైనా దిగుతాను.

ఇస్మాయిల్

రాళ్లకట్ట
1949 ఏప్రిల్ 8

తమ్ముడూ,

ఆ పది మంది మళ్లీ రాలేదు. చావడిలో బయటివాళ్లు కూడా వెళ్లిపోయారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. నువ్వు రావచ్చు.

పేరు సంగతి మాత్రం కుదరలేదు. గంగారాం తాతను మూడుసార్లు అడిగాను. బుచ్చమ్మ వెళ్లి అడిగింది. "అది ఆపదలో ఆడిన నాటకం గద తాతా" అంది. ఆయనకు కోపం వచ్చింది. "నాటకం మీరు ఆడిండ్రేమో. నేను గంగమ్మకు మాటిచ్చిన. నీళ్లకిచ్చిన పేరు కట్ట మీద పిలువొద్దు. నేను ఇచ్చింది వాపసు గుంజుకుంటే గీ నలభై మందికి ఏం జవాబు చెప్పాలె?" అన్నాడు. ముసలాయన అప్పటి నుంచి సరిగా తినడం లేదు. నీ మీద ప్రేమ లేక కాదు. ఆయన తండ్రిని లాగింది మీ తాతే కదా, ఆ ముల్లు ఆయనకు గుచ్చుకుంటూనే ఉంది.

రా. కట్ట మీద నా పక్కన నిలబడుదువు. నా వంతులో సగం నీది.

భద్రయ్య

చిలకలగూడ
1949 ఏప్రిల్ 21

అన్నా,

నీ సగం నాకు వద్దు. అడుక్కునేవాడిగా కట్ట మీద నిలబడలేను. నలభై మంది దిగుతుంటే చుట్టంలా చూడలేను. చెరువు దిగే రోజు రాను.

అది అయిపోయాక వచ్చి అమ్మను తీసుకొస్తాను. నేరేడ్‌మెట్ దగ్గర ఫౌజువాళ్ల గుడిసెల పక్కన రెండు గదులు చూశాను. ఇక రాళ్లకట్టతో మాకు పని లేదు. నన్ను బతికించారు, చాలు. ఆ రుణం మరిచిపోను. కానీ బతికి ఉండి పేరు లేకుండా ఆ నీళ్ల ముందు నిలబడడం నా వల్ల కాదు.

గంగారాం తాతకు చెప్పు, నాకు కోపం లేదని. ఉంది, కానీ లేదని చెప్పు.

అమ్మకు మాత్రం ఇది చదివి వినిపించు.

ఇస్మాయిల్

రాళ్లకట్ట
1949 మే 16

తమ్ముడూ,

నిన్న చెరువు దిగాం. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

నీ ఉత్తరం చిన్నమ్మకు చదివి వినిపించాను. విన్నది, లేచింది, సొరపాదు దగ్గరికి పోయింది. అప్పుడు చెప్పింది. ఆ రోజు మా గడప లోపల అటు తిరిగి నిలబడింది ఎందుకో తెలుసా? నీ బుర్ర మూతికున్న మైనం ఊడబీకి, లోపలి గింజలు కొంగులో రాల్చుకుని, మళ్లీ మైనం అద్దిందట. పది మంది వాకిట్లో నిలబడి ఉండగా! "బుర్రనే ఇచ్చిన బిడ్డా. గింజలు ఇయ్యలే" అంది. ఆ గింజలే మా దడి మీద పాకాయి. బుచ్చమ్మను కూరకు కోయనివ్వని కాయ అదే. కోసి, మా పెంకుల మీద ఎండబెట్టింది. ఇంకా మెడ దగ్గర పచ్చిదనం పోలేదు.

నిన్న పొద్దున ఆ బుర్ర చంకన పెట్టుకుని కట్ట మీదికి వచ్చింది. ఆడవాళ్లు దిగే ఆచారం లేదు కదా, అందరూ చూస్తున్నారు. గంగారాం తాత కూడా చూశాడు. ఆమెను చూశాడు, బుర్రను చూశాడు.

పేర్లు పిలిచాడు. నలభై మంది "ఉన్న" అన్నారు, దిగారు. నాది అయిపోయింది, నేను మోకాళ్ల లోతులో ఉన్నాను. నలభయ్యో పేరు కూడా అయిపోయింది. మామూలుగా అయితే ఆయన చెయ్యి దించాలి, మేం వలలు విసరాలి. చెయ్యి దించలేదు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు.

"జైతున్ బీ కొడుకూ!" అని పిలిచాడు.

ఆయన నీ పేరు పిలవలేదు తమ్ముడూ. నీళ్లకిచ్చిన పేరు ఆయన నోట రాలేదు. మాట తప్పలేదు.

చిన్నమ్మ చీర చెక్కుకుని నీళ్లలోకి దిగింది. పోయిన ఏడు బుర్రను తోసిన చోటే. కొత్త బుర్రను నీళ్ల మీద పెట్టింది. పచ్చిది కదా, సగం మునిగింది, మళ్లీ లేచింది, తేలింది. ఆమె చెయ్యి తీయలేదు.

"ఉన్నడు" అంది. ఆ గొంతు అవతలి ఒడ్డుకు వినిపించింది. "ఉన్నడు. సికింద్రాబాద్‌ల ఉన్నడు. వస్తడు."

గంగారాం తాత చెయ్యి దించాడు. మేం వలలు విసిరాం. నాకు కళ్లు కనబడక మొదటి వల ఖాళీగా వచ్చింది.

నీ వంతు నీదే. రెండు కొర్రమట్టలు, ఒక బొచ్చె, జెల్లలు ఒక గంపెడు. బుచ్చమ్మ ఉప్పు పెట్టి ఎండబెడుతోంది. అమ్మను తీసుకుపోతావో, నువ్వే వస్తావో నాకు తెలియదు. చిన్నమ్మ మాత్రం అందరి ముందు 'వస్తడు' అని చెప్పేసింది. గంగారాం తాత అది విన్నాడు. ఇక నీ ఇష్టం.

భద్రయ్య

చిలకలగూడ, సికింద్రాబాద్
1949 మే 22

అన్నా,

శుక్రవారం రైలుకు వస్తున్నాను. నజ్మున్నీసా కూడా వస్తోంది. నేరేడ్‌మెట్ గదులు వద్దని చెప్పేశాను.

రెండు వేళ్ల కన్నుతో, కింద సంచి వదిలి, కొత్త విసురువల ఒకటి అల్లాను. ఆర్థర్ దొర దాన్ని చూసి, "ఇది ఏ క్లబ్బుకు?" అని అడిగాడు. మా క్లబ్బుకే అన్నాను.

బుర్రను నీడలో ఆరబెట్టమని అమ్మకు చెప్పు, ఎండలో పెడితే పగులుతుంది. నేను చెప్పానని చెప్పకు, నాకే నేర్పుతావా అంటుంది. గంగారాం తాత అన్నం తింటున్నాడా?

ఈసారి కవరు మీద బ్రహ్మచారి అని రాయలేదు. కింద ఉన్నదే పైన కూడా రాశాను. చావడిలో సదాశివ పంతులును గట్టిగా చదవమను.

జైతున్ బీ కొడుకు